నల్ల బానెట్ మీద ఆబిడ్స్

ఆదివారం, పొద్దున్నే ఆరున్నర. హైదరాబాద్ ఆబిడ్స్‌లో షట్టర్లన్నీ దించి ఉన్నాయి. జీపీఓ ముందు రోడ్డు ఇంత వెడల్పని మిగతా రోజుల్లో తెలియనే తెలియదు. కాసేపట్లో పాత పుస్తకాలవాళ్లు వచ్చి మూసిన దుకాణాల ముందు పట్టాలు పరుస్తారు. ఈలోపే మా పని కావాలి. మామ తన నల్ల అంబాసిడర్‌ను ఫుట్‌పాత్‌కు కాస్త ఎడంగా ఆపి, మెత్తటి గుడ్డతో బానెట్ తుడుస్తున్నాడు.

ట్రైపాడ్ కాళ్లు ముడిచి కెమెరాను హెడ్‌లైట్ ఎత్తుకు దించుతాను. అక్కడి నుంచి చూస్తే కారు ఒక్కసారిగా పెద్దదైపోతుంది. గుండ్రటి దీపాలు, వాటి మధ్య గ్రిల్, కింద క్రోమ్ బంపర్. బానెట్ వంపు మీద ఎదుటి మేడలు, కరెంటు తీగలు, తెల్లబడుతున్న ఆకాశం సాగిపోయి కనిపిస్తున్నాయి. నల్ల కారుకు సొంత రంగు తక్కువ. దాని ఎదుట ఏముంటే అదే దాని రంగు. ఇవాళ దాని ఒంటి నిండా ఆబిడ్స్ ఉంది.

నా కంటికి అన్నీ ఒకేసారి కనిపిస్తున్నాయి. కెమెరాకు కనిపించవు. బానెట్‌కు సరిపడా వెలుగు తీసుకుంటే ఆకాశం తెల్ల కాగితమైపోతుంది. ఆకాశాన్ని నిలబెడితే టైర్లు, గ్రిల్ సందులు నల్లటి ముద్దవుతాయి. వేర్వేరు వెలుగుల్లో తీసిన ఫొటోలను ఒకటిగా కలిపే హెచ్‌డీఆర్ మొదలయ్యేది ఇక్కడే. ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్ 8 దగ్గర కట్టేస్తాను. ఎపర్చర్ మారితే ఫోకస్‌లో ఉండే లోతు మారుతుంది, ఫొటోలు ఒకదానిమీద ఒకటి కుదరవు. అందుకే మార్చేది షట్టర్ వేగం ఒక్కటే. సెకనులో 250వ వంతు, 60వ వంతు, 15వ వంతు. ఒక్కో అడుగుకు రెండు స్టాప్‌లు, అంటే సుమారు నాలుగింతల వెలుగు తేడా. మూడూ వరుసగా వాటంతటవే పడేలా బ్రాకెటింగ్ పెట్టి, రెండు సెకన్ల టైమర్ మీద చెయ్యి తీసేస్తాను. టక్, టక్, టక్.

"ఒక్క బొమ్మకు మూడు ఫొటోలెందుకురా అల్లుడా?"

"ఒకటి ఆకాశానికి, ఒకటి కారుకు, ఒకటి నీడకు మామా. తర్వాత మూడూ కలుపుతా."

"గట్ల కలపొచ్చా?"

కలపొచ్చు. ఈ ఆలోచన కంప్యూటర్‌తో పుట్టింది కాదు. 1850లలో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఇంకో నెగెటివ్ తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద ప్రింట్ చేశాడు. ఆనాటి ప్లేట్లు నీలి వెలుగుకు మరీ తొందరగా స్పందించేవి, ఆకాశం తెల్లగా మాడిపోయేది. మన ఆరో నిజాం దగ్గర ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ కూడా గాజు ప్లేట్ల మీదే పనిచేశాడు. వెలుగుకూ నీడకూ మధ్య ఎంత దూరం ఉందో తూచుకోవడం ఆ కాలం నుంచీ ఈ పనిలో మొదటి పాఠం.

ఎండ ముదిరాక మొజంజాహి మార్కెట్ దగ్గర ఆగుతాం. 1935 నాటి రాతి కట్టడం. మిట్టమధ్యాహ్నం దాని గోడలు కళ్లు చెదిరేలా మెరుస్తుంటే, కమానుల లోపల చీకటి. ఇక్కడ మూడు చాలవు, ఐదు తీస్తాను. తీస్తూ బంపర్ మీద ఒక సంగతి గమనిస్తాను. సూర్యుడు అక్కడ ఆవగింజంత చుక్కై మండుతున్నాడు. అన్నింటికంటే చీకటి ఫొటోలో కూడా ఆ చుక్క తెల్లగానే ఉంది. అందులో చూడాల్సిన వివరం ఏమీ లేదు. అది అలాగే ఉండాలని అప్పటికింకా స్పష్టంగా అనిపించదు, కానీ చూపు అక్కడే ఆగుతుంది.

నాంపల్లిలో ఒక ఇరానీ హోటల్‌లో మూల బల్ల. రెండు చాయ్‌లు, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు, ల్యాప్‌టాప్. రా ఫైళ్లు ఎక్కిస్తాను. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384. సాఫ్ట్‌వేర్ ప్రతి ఫొటోలోనూ మాడని, మునగని చుక్కలకు ఎక్కువ విలువ ఇచ్చి, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉందో లెక్కగట్టి, ఆ చోట నిజంగా ఎంత వెలుగుందో తేలుస్తుంది. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ ప్రచురించిన పద్ధతి ఈ దారిని స్థిరపరిచింది. కానీ అంత వెలుగును మామూలు తెర చూపించలేదు. దాన్ని తెరకు సరిపడా కుదించడమే టోన్ మ్యాపింగ్. ఆరు గజాల చీరను చిన్న పెట్టెలో సర్దడం లాంటిదది. ఏ మడత పైకి రావాలో మడిచేవాళ్లే తేల్చుకోవాలి.

ఎంతవరకు పోతుందో చూద్దామని మార్కెట్ దగ్గర తీసిన ఫొటో మీద టోన్ మ్యాపింగ్ స్లైడర్‌ను చివరిదాకా లాగుతాను. ఆకాశంలో మబ్బులు ఉరుముతున్నట్టు నల్లబడతాయి. కారు టాప్ అంచు చుట్టూ తెల్లటి వెలుగు గీత లేస్తుంది. బానెట్ మీద ఎవరికీ కనిపించని సన్న గీతలు, దుమ్ము అన్నీ బయటపడతాయి. కారు కింద నీడ బూడిద రంగుకు తిరిగి, బండి రోడ్డును వదిలి తేలుతున్నట్టుంది. బంపర్ మీది సూర్యుడి చుక్క కూడా మసకబారింది.

మామ చాయ్ గ్లాసు కింద పెట్టి తెరకు దగ్గరగా వంగుతాడు. "ఇది మన కారు కాదురా. మనది మెరుస్తది."

నాకు కావలసిన పాఠం ఆ ఒక్క మాటలో ఉంది. ఒక వస్తువు మెరుస్తోందని కన్ను గుర్తుపట్టేది దాని మీది వెలుగు చుక్క పక్కనున్న భాగం కంటే ఎన్నో రెట్లు ప్రకాశంగా ఉన్నప్పుడే. ఆ తేడాను చదును చేస్తే క్రోమ్ రేకవుతుంది, పెయింట్ రబ్బరవుతుంది. చెట్టుకో, కొండకో చెల్లిన హెచ్‌డీఆర్ కారు దగ్గర చెల్లకపోవడానికి కారణం ఇదే. కారు అద్దం లాంటి వస్తువు, దాని అందమంతా తేడాలోనే ఉంది.

స్లైడర్ వెనక్కి తెస్తాను. గ్రిల్ సందులు కనిపించేంత వరకే నీడను లేపుతాను. కారు కింద నలుపును ముట్టుకోను, బండిని నేలకు పట్టి ఉంచేది అదే. సూర్యుడి చుక్కను తెల్లగా వదిలేస్తాను. బానెట్ మీదికి మెరుపు మళ్లీ వస్తుంది.

సాయంత్రం నాంపల్లి స్టేషన్ బయట. సూర్యుడు దిగాక చివరి ఫొటోల కోసం నిలబడ్డాం. ఆటోలు, సామాన్లతో పరుగెత్తేవాళ్లు, ఎర్ర చొక్కాల కూలీలు. పావుసెకను, ఒక సెకను, నాలుగు సెకన్లు. నడిచేవాళ్లు ఒక్కో ఫొటోలో ఒక్కోచోట ఉంటారు, కలిపితే దెయ్యాల్లా పలచబడతారు. అందుకని కదిలే మనుషులను ఒకే ఫొటో నుంచి తీసుకోమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. అంతకంటే మంచి ఉపాయం ఆకాశమే చూపిస్తోంది. ఆకాశం ముదురు నీలానికి దిగుతున్నకొద్దీ స్టేషన్ దీపాలు దాని సరసకు వస్తున్నాయి. కొన్ని నిమిషాల పాటు రెండూ దాదాపు ఒకే తూకం. ఆ వేళకు అక్కడుంటే ఒక్క ఫొటోలోనే చాలావరకు అన్నీ దొరుకుతాయి.

ఇవాళ చేతికి వచ్చిన విద్య ఇదే. బటన్ నొక్కేముందే ఏది మెరవాలో, ఏది చీకట్లో ఉండాలో తేల్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ ఆ నిర్ణయాన్ని అమలు చేస్తుంది, మన బదులు నిర్ణయించదు.

"పెద్దగ ప్రింటు తీయించు, హాల్ల పెడదాం," అంటాడు మామ, తాళం తిప్పుతూ. తీయిస్తాను. జనవరి 1న ఇక్కడికి దగ్గర్లోనే నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలవుతుంది. రంగు దీపాల కింద ఈసారి తెల్ల కారు పెట్టాలని ఉంది. తెల్లటి ఒంటి మీద తొందరగా పోయేది వెలుగు వైపు వివరం. కాబట్టి అక్కడ కొలత నీడ నుంచి కాదు, మెరుపు నుంచి మొదలుపెడతాను.