బూట్‌లెగ్: సారా సీసా నుంచి సర్క్యూట్ బోర్డు దాకా

పొడవాటి బూటులో పిక్కను కప్పే భాగాన్ని ఇంగ్లిషులో బూట్‌లెగ్ అంటారు. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో సారా సీసాలను అందులో దాచి చాటుగా అమ్మేవారు. అలా ఆ మాట దొంగసారాకు పేరైంది. 1920–33 నాటి మద్యనిషేధ కాలంలో ఊరూరా మోగింది. మన దాకా కూడా వచ్చింది: ఆంధ్రప్రదేశ్ 1986 నాటి పీడీ చట్టం పూర్తి పేరులో ‘బూట్‌లెగ్గర్లు’ ఉన్నారు.

సారా నుంచి పాటల రికార్డులకు, ఆపైన ఆర్కేడ్ గేములకు ఈ మాట పాకింది. ఆర్కేడ్ యంత్రంలో ఆటను నడిపే సర్క్యూట్ బోర్డును అసలు కంపెనీ అనుమతి లేకుండా తయారు చేస్తే, అదే బూట్‌లెగ్ బోర్డు. 1992 నాటి ‘స్ట్రీట్ ఫైటర్ 2’ అనధికార రూపం ‘రెయిన్‌బో ఎడిషన్’ వీటిలో పేరుమోసింది. అందులో పోరు మధ్యలోనే యోధుణ్ణి మార్చుకోవచ్చు.

ఇలాంటి బోర్డుల వివరాలను ఔత్సాహికులు ఇప్పుడు శ్రద్ధగా నమోదు చేస్తున్నారు. బోర్డుకు రెండు వైపులా ఫొటోలు తీస్తారు. చిప్పుల మీది నంబర్లు, క్రిస్టల్ ఫ్రీక్వెన్సీ రాసుకుంటారు. ఆట ప్రోగ్రామ్ ఉండే ఈప్రామ్ చిప్పుల్లోని డేటాను చదివి భద్రపరుస్తారు. ఆ చిప్పు గాజు కిటికీ మీది స్టిక్కర్ ఊడిపోతే అతినీలలోహిత కాంతికి డేటా చెరిగిపోయే ప్రమాదం ఉంది.

అసలు బోర్డులో కంపెనీ ప్రత్యేకంగా చేయించుకున్న ఒక్క చిప్పు చేసే పనిని, చాలా నకలు బోర్డుల్లో బజారులో దొరికే మామూలు చిప్పులు కలిసి చేస్తాయి. నకలు బోర్డు మీద మల్టీమీటర్‌తో ఒక్కో రాగి గీతను పట్టుకుని వెళ్తే ఆ ప్రత్యేక చిప్పు గుట్టు తెలుస్తుంది. అందుకే దొంగ బోర్డని దాన్ని పారేయకూడదు. అసలు ఆట చరిత్రకు అదీ ఒక సాక్ష్యమే.