చందన తైలం, కృత్రిమ చందన పరిమళాలు

చందన తైలం శ్రీగంధం చెట్టు చేవనుంచి, వేళ్లనుంచి ఆవిరి పట్టి తీసే సుగంధ నూనె. దాన్ని పోలిన వాసన కోసం కర్మాగారాల్లో తయారుచేసే రసాయనాలను కృత్రిమ చందన పరిమళాలు అంటారు. చవక సబ్బుల మీద, అగరుబత్తి పెట్టెల మీద, టాల్కం డబ్బాల మీద గంధపు చెక్క బొమ్మ కనిపించినా, లోపల ఉండేది సాధారణంగా ఈ రెండో రకమే.

శ్రీగంధం సగం పరాన్నజీవి. ఆకులతో తన ఆహారం తానే వండుకుంటుంది గానీ, నీళ్లూ లవణాల కోసం పక్క మొక్కల వేళ్లను పట్టుకుంటుంది. అందుకే తోటల్లో దీనికి తోడుగా కంది, సరుగుడు వంటివి వేస్తారు. నూనె ఉండేది కాండం, వేళ్ల చేవలోనే. పైన ఉండే తెల్లచెక్కకు వాసన ఉండదు. మొక్క నాటాక చెప్పుకోదగ్గ చేవ కట్టడానికి పదిహేనేళ్లయినా ఆగాలి. శేషాచలం అడవుల్లోని ఎర్రచందనం పూర్తిగా వేరే చెట్టు. దానికి పేరులోనే చందనం ఉంది, వాసనలో లేదు.

మైసూరు సంస్థానంలో 1792లో టిప్పు సుల్తాన్ శ్రీగంధాన్ని రాచవృక్షంగా, అంటే ఎక్కడ పెరిగినా రాజ్యపు సొత్తుగా ప్రకటించాడు. అక్కడి దుంగలు యూరప్‌కు వెళ్లి నూనెగా మారేవి. మొదటి ప్రపంచ యుద్ధంతో ఆ ఎగుమతి ఆగి, సరుకు గోదాముల్లో పేరుకుపోయింది. అప్పుడు మహారాజు నాల్గవ కృష్ణరాజ వొడెయారు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య చొరవతో 1916లో మైసూరులో నూనె కర్మాగారం వెలిసింది. మైసూర్ శాండల్ సబ్బు పుట్టింది ఆ నూనెతోనే. రైతు తన పొలంలోని శ్రీగంధానికి తానే యజమాని కావడానికి మాత్రం కర్ణాటకలో 2001 దాకా పట్టింది. అన్నేళ్లపాటు ఎవరూ మనసుపెట్టి పెంచలేదు, ఉన్నవాటిని దొంగలు నరికి ఎత్తుకుపోయారు. నూనె ధర కొండెక్కిందంటే ఆశ్చర్యం లేదు.

ఈ నూనెలో ముఖ్యమైనవి ఆల్ఫా, బీటా సాంటలాల్‌లు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మొదటిది 41–55 శాతం, రెండోది 16–24 శాతం ఉండాలి. వెనిల్లా విషయంలో రసాయనవేత్తలు 1874లోనే అసలు అణువునే తయారుచేయగలిగారు. సాంటలాల్ అలా లొంగలేదు. దాని నిర్మాణం చిక్కుది, మెట్టుమెట్టుగా కట్టుకుంటూ పోతే ఖర్చు గిట్టదు. దాంతో వాళ్లు దారి మార్చి, ముక్కుకు అలాగే తోచే వేరే అణువులను వెతికారు. శాండలోర్, ఎబనాల్, జావనాల్ అలా వచ్చినవే. జావనాల్ ఎంత ఘాటంటే చిటికెడు కన్నా తక్కువ చాలు. ఇలాంటివాటికి ముడిసరుకు చాలావరకు ఆల్ఫా పైనీన్, అంటే పైన్ చెట్ల జిగురునుంచి వచ్చే టర్పెంటైన్ నూనెలోని పదార్థం. హారతి కర్పూరం కూడా దాన్నుంచే తయారవుతుంది. కృత్రిమమన్న ముద్ర వెనక చెట్టు ఉండదని అనుకోకూడదు.

సబ్బు తయారీదారు చూసేది ధర ఒక్కటే కాదు. సబ్బుకు క్షారగుణం ఎక్కువ. నిమ్మ వాసననిచ్చే సిట్రాల్ అందులో నిలవదు, వెనిలిన్ సబ్బును గోధుమరంగుకు తిప్పుతుంది. చందనపు వాసనలు, చెట్టువైనా కర్మాగారానివైనా, ఆ పరీక్షకు బాగానే తట్టుకుంటాయి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తర్లలో సమస్య వేరు. అక్కడ గులాబీ, మొగలి ఆవిర్లను పట్టి ఉంచే ఆధారం సంప్రదాయంగా చందన తైలమే. అది అందని ధరకు చేరాక చాలామంది లిక్విడ్ పారాఫిన్‌కు మళ్లారు. పారాఫిన్ వాసనను మోస్తుందే తప్ప తనవంతుగా ఏమీ కలపదు. సింహాచలం గుడిలో మాత్రం ఈ బేరాలకు చోటు లేదు. అప్పన్న స్వామికి పూసేది సానమీద అరగదీసిన చెక్క గంధం, ఏ సీసాలోని పరిమళమూ ఆ పూతగా పనికిరాదు.

చర్మానికి సహజమైనదే మేలన్న ప్రచారం సగం నిజం కూడా కాదు. లావెండర్ నూనెలోని లినలూల్, కర్మాగారపు లినలూల్ ఒకే అణువు. రెండూ గాలి తగిలి ఆక్సీకరణ చెందితే కొందరికి దద్దుర్లు తెస్తాయి. బెర్గమాట్ నూనె పూసుకుని ఎండలో తిరిగితే చర్మం కమిలిపోతుంది. ఐరోపా సమాఖ్య 2023లో విస్తరించిన అలర్జీ కారకాల జాబితాలో చందన తైలమూ ఉంది. అలాగని కృత్రిమాలకు క్లీన్ చిట్ ఇవ్వలేం. దశాబ్దాలపాటు షాంపూల్లో, డిటర్జెంట్లలో వాడిన లిలియాల్ అనే కృత్రిమ పరిమళాన్ని సౌందర్య సాధనాల్లో అదే సమాఖ్య 2022 మార్చిలో నిషేధించింది. కొనేవారికి ఇవేవీ తెలియవు. లేబుల్ మీద వాళ్లకు కనిపించేది చాలాసార్లు ‘పర్‌ఫ్యూమ్’ అనే ఒక్క మాటే.