పటం కథలు (తెలంగాణ)

పటం కథ అంటే పొడవాటి బట్టపై వరుసగా గీసిన బొమ్మలను చూపుతూ ఒక కులం పుట్టుపూర్వోత్తరాలను పాటగా, వచనంగా వినిపించే జానపద ప్రదర్శన. తెలంగాణ పల్లెల్లో ఇది తరతరాలుగా నడిచింది. బొమ్మ గీసేవారు నకాశీలు. కథ చెప్పేవారు ఆయా కులాలను ఆశ్రయించి బతికే ఆశ్రిత కులాలవారు. వినేవారు, పోషించేవారు దాతృకులంవారు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా పటం కథ సాగదు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ కళ ఎదుర్కొన్న ఒడుదుడుకులన్నీ ఈ మూడు ముడులు ఒక్కొక్కటిగా వదులవడం వల్ల వచ్చినవే. నేడు చెరియాల బొమ్మలుగా పేరుపడిన చిత్రకళకు మూలం ఈ పటాలే.

పూర్వరంగం

బొమ్మలు చూపి కథ చెప్పడం దేశంలో చాలా పాతది. విశాఖదత్తుడి ‘ముద్రారాక్షసం’లో చాణక్యుడి గూఢచారి యమపటం చూపించేవాడి వేషంలో ఇల్లిల్లూ తిరుగుతాడు. బెంగాల్ పటువాలు, రాజస్థాన్ ఫడ్ గాయకులు, మహారాష్ట్ర చిత్రకథీలు ఇదే కోవకు చెందినవారు. తెలుగునేల విషయానికొస్తే, కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన ‘క్రీడాభిరామం’లో మాచల్దేవి చిత్రశాల ప్రస్తావన ఉంది. అది పటం కథ గురించి కాదు గానీ, ఆ ప్రాంతంలో చిత్రకారులకు ఆదరణ ఉండేదని చెప్పడానికి పనికొస్తుంది. తెలంగాణ పటాల్లో నేటికి మిగిలినవాటిలో అతి పాతవి 17వ శతాబ్దానివని కళాచరిత్రకారుల నిర్ణయం.

ఎవరికి ఎవరి కథ

ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పడానికి ఒక్కో ఆశ్రిత కులం ఉన్నాయి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు కూనపులివారు. గౌడులకు గౌడ పురాణం చెప్పేవారు గౌడజెట్టీలు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెబుతారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెబుతారు. నాయీబ్రాహ్మణులకు అద్దపువారు, గొల్లలకు తెరచీరలవారు ఉన్నారు. రజకులకు మడేలు పురాణం ఉంది.

ఈ కథలు కాలక్షేపానికి పుట్టినవి కావు. పద్మశాలీల కథలో మార్కండేయుడి హోమగుండం నుంచి పుట్టిన భావనారుషి దేవతలకు బట్టలు నేస్తాడు, పులినెక్కి తిరుగుతాడు, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడతాడు. జాంబపురాణం ప్రకారం జాంబవుడు భూమి పుట్టకముందే పుట్టినవాడు. అంటే అందరికంటే పెద్దవాడు. బతుకుదెరువుకు చేసే పనికి దైవమూలం చూపించి, ఊరు చిన్నచూపు చూసినవారికి కూడా తలెత్తుకునే వంశచరిత్ర ఇవ్వడం కులపురాణాల ప్రధాన లక్షణం. అందుకే దాతృకులం వాటిని వినడంతో సరిపెట్టుకోదు, తమ హక్కుగా అడిగి చెప్పించుకుంటుంది.

కథకుల హక్కు కూడా అలాంటిదే. ఊళ్లను కథకుల కుటుంబాలు మిరాశీలుగా, అంటే వంశపారంపర్య హక్కుగా, పంచుకునేవి. ఒకరి మిరాశీలో మరొకరు ఆడకూడదు. పంటలు ఇళ్లకు చేరాక వచ్చి, కథ చెప్పి, ‘త్యాగం’ పుచ్చుకునేవారు. అది బిచ్చం కాదు, కట్టుబాటు ప్రకారం చెల్లించాల్సిన సొమ్ము. తమ హక్కుకు రుజువుగా కొన్ని కుటుంబాలు రాగిరేకులు కూడా దాచుకున్నాయి.

పటం తయారీ

కథకులు కొత్త పటం కావాలనుకుంటే నకాశీల ఇంటికి వెళ్లి చెప్పి చేయించుకునేవారు. ఏ ఘట్టం తర్వాత ఏది రావాలో, ఎవరు ఏ వాహనంపై ఉండాలో కథకులే చెప్పేవారు. ఖర్చు చాలాసార్లు దాతృకులంవారు భరించేవారు.

పటానికి ఖద్దరు బట్టే వాడేవారు. గంజి, సుద్దమన్ను, తిరుమణి బంక, ఉడికించి రుబ్బిన చింతగింజల జిగురు కలిపి బట్టకు పూతలుగా పట్టిస్తారు. ఒక పూత ఆరాకే మరో పూత. ఆ పూత సరిగ్గా కుదిరితేనే పటాన్ని వందలసార్లు చుట్టి విప్పినా రంగు రాలదు. ముందు గీతలు గీసుకుని, నేపథ్యమంతా ఎరుపుతో నింపుతారు. తర్వాత ఒంటిరంగులు, నగలు, చీరల అంచులు దిద్దుతారు. పూర్వం రంగులన్నీ ఇంట్లో నూరుకున్నవే: ఎరుపుకు ఇంగిలీకం, నలుపుకు దీపపు మసి, తెలుపుకు సుద్ద, నీలానికి నీలిమందు. ఉడుత వెంట్రుకలతో కుంచెలు కట్టుకునేవారు. కళ్లు దిద్దడం చివరి పని. కళ్లు తెరిపించి పూజ చేశాకే పటం కథకుడి చేతికి వెళ్తుంది. అక్కడి నుంచి అది దేవుడితో సమానం.

పటం సుమారు మూడడుగుల వెడల్పుతో, నలభై అడుగులకు మించిన పొడవు దాకా ఉండేది. మొదట గణపతి, తర్వాత సరస్వతి, ఆపైన కథ. ఘట్టానికీ ఘట్టానికీ మధ్య పూలతీగల పట్టీ ఉంటుంది.

ప్రదర్శన

పందిరి రాటలకు పటాన్ని వేలాడదీసి, కథ సాగేకొద్దీ చుట్ట విప్పుతూ పోతారు. ప్రధాన కథకుడు కర్రతో బొమ్మను చూపుతూ పాట ఎత్తుకుంటే వంతలు అందుకుంటారు. మద్దెల, తాళాలు, తర్వాతి కాలంలో హార్మోనియం తోడయ్యాయి. కథ ఒక్క రాత్రితో ముగియదు. రోజుకు కొంత చొప్పున కొన్ని రాత్రులు నడుస్తుంది. మధ్యలో హాస్యం, పిట్టకథలు, ఆ ఊరి పెద్దల పేర్లతో దీవెనలు కలుస్తాయి. బొమ్మ చూసి అందరూ గుర్తుపట్టే ఘట్టాన్నే కథకుడు ఆ ఊరికి తగ్గట్టు పెంచుతాడు, తగ్గిస్తాడు. అందుకే ఒకే పటం మీద ఇద్దరు చెప్పిన కథ ఒకేలా ఉండదు.

పటం చిరిగి పనికిరాకుండా పోతే దాన్ని పారేయరు. మనిషికి చేసినట్టే తంతు జరిపి నదిలో కలుపుతారు. పాత పటాలు అరుదుగా దొరకడానికి ఈ ఆచారం కూడా ఒక కారణం.

క్షీణత, మార్పు

మగ్గం, గీత వంటి వృత్తుల ఆదాయం పడిపోవడంతో త్యాగం ఇచ్చే చేతులు తగ్గాయి. సినిమా, ఆ తర్వాత టీవీ రాత్రి ప్రేక్షకులను లాక్కున్నాయి. కథకుల పిల్లలు కూలికి, పట్నాలకు వెళ్లారు. కథ చెప్పించుకునేవారు లేక కథకులు కొత్త పటాలు చేయించడం మానేశారు. దాంతో నకాశీల చేతికి పని లేకుండా పోయింది. కొందరు కథకులు పాత పటాలను సేకర్తలకు అమ్ముకున్నారు.

1970ల నుంచి హైదరాబాద్‌కు చెందిన కళాసేకర్త జగదీశ్ మిత్తల్ వంటివారు, ప్రభుత్వ హస్తకళా సంస్థలు చెరియాల నకాశీలకు కొత్త దారి చూపాయి. నలభై అడుగుల పటం స్థానంలో గోడకు తగిలించుకునే చిన్న చట్రాలు వచ్చాయి. కథ మొత్తానికి బదులు ఒక్క ఘట్టం మిగిలింది. క్రమంగా బతుకమ్మ, బోనాలు, తాళ్లెక్కే గౌడు, బావి దగ్గరి ఆడవాళ్లు వంటి పల్లె దృశ్యాలు చేరాయి. రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో చేసే ముఖాలు, పొణికి చెక్కతో చేసే బొమ్మలు కూడా అమ్మకానికి వచ్చాయి. నూరిన రంగుల చోటును చాలావరకు దుకాణపు రంగులు ఆక్రమించాయి. ధనాలకోట వైకుంఠం వంటి నకాశీలు జాతీయ పురస్కారాలు అందుకున్నారు. చెరియాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా దక్కింది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న చెరియాల 2016లో జిల్లాల పునర్విభజనతో సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది.

అధ్యయనం

పటాలపై కీర్తన తంగవేలు అమెరికాలో పరిశోధన చేశారు. పులికొండ సుబ్బాచారి తెలుగు కులపురాణాలను, వాటి ఆశ్రిత కులాలను వివరంగా అధ్యయనం చేశారు. జయధీర్ తిరుమలరావు ఊరూరా తిరిగి పటాలను, వాద్యాలను సేకరించి ‘ఆద్యకళ’ పేరుతో ప్రదర్శించారు. హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిత్తల్ భారతీయ కళా మ్యూజియంలో పాత తెలంగాణ పటాలు భద్రంగా ఉన్నాయి.

బొమ్మకు జరిగిన మేలు కథకు జరగలేదు. భౌగోళిక గుర్తింపు కాపాడేది చిత్రాన్నే గానీ గొంతును కాదు. నకాశీకి నగరంలో కొత్త కొనుగోలుదారు దొరికాడు. కథకుడికి మాత్రం దాతృకులం తప్ప వేరే పోషకుడు లేడు. ఆ కథ వేరొకరి వంశానికి చెందదు కాబట్టి వేరొకరు దాన్ని కొనలేరు. అందువల్ల ఇకముందు పటం కథ నిలబడటం చెరియాల అంగళ్ల మీద కన్నా, తమ పురాణాన్ని ఇంకా విప్పించి వినాలనుకునే కులాల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.