పూలగట్లు (తగరపువలస పరిసరాలు)

తేనెటీగలు, తుమ్మెదలు, సీతాకోకచిలుకలు, రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు పూల నుంచి పూలకు పుప్పొడి చేరవేస్తాయి. వాటికి తిండి, గూడు రెండూ దొరికేలా పొలం గట్టునో పెరటి మూలనో పెంచే కొద్దిపాటి మొక్కల పట్టీయే పూలగట్టు. విశాఖపట్నం జిల్లాలో గోస్తనీ నది ఒడ్డున ఉన్న తగరపువలస చుట్టూ కూరగాయ పాదులు, కొబ్బరి, మామిడి, జీడిమామిడి తోటలున్నాయి. వాటి పక్కనే సరుగుడు తోటలు, ఇళ్ల లేఅవుట్లు పెరిగాయి. సరుగుడుకు పరాగ సంపర్కం గాలితోనే జరుగుతుంది కనుక ఎంత పచ్చగా ఉన్నా తేనెటీగకు అందులో తేనె చుక్క దొరకదు.

ఆనప, బీర, గుమ్మడి, పొట్ల పాదుల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పుప్పొడి అందని పిందె పసుపెక్కి రాలిపోతుంది. దాన్ని తెగులనుకుని మందు కొడితే ఉన్న ఈగలు కూడా పోతాయి.

వంగది మరో సంగతి. దాని పుప్పొడి కేసరాల కొనల్లోని సన్నని రంధ్రాల్లోంచి రావాలి. తుమ్మెద, నీలిచారల తేనెటీగ వంటివి పువ్వును పట్టుకుని ఒళ్లు అదరగొడుతూ ఝుమ్మంటే అది రాలుతుంది. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఆ విద్య రాదు. కాబట్టి వంగతోటలో తేనెపెట్టె పెట్టినంత మాత్రాన పని జరగదు. తంగేడు పువ్వు కూడా ఇలాగే అదిరిస్తేనే పుప్పొడి ఇస్తుంది. గట్టున నాలుగు తంగేడు పొదలుంటే, వంగపూత లేని రోజుల్లోనూ ఆ తుమ్మెదలు ఊరు విడిచి పోవు.

మొక్కలు నాటడం ఇందులో సులువైన భాగం. గూళ్ల జాగా వదలడమే కష్టం, ఎందుకంటే అది చూసేవారికి సోమరితనంలా కనిపిస్తుంది. ఒంటరిగా బతికే తేనెటీగల్లో ఎక్కువ జాతులు నేలలో బొరియ చేసుకుంటాయి. గట్టును ఏటా చెక్కి, కలుపుమందు కొట్టి నున్నగా ఉంచితే వాటికి చోటుండదు. తుమ్మెదలు ఎండిన వెదురులో, పుచ్చిన దుంగల్లో తొలుచుకుంటాయి. పాత పందిరి గుంజలు రెండు మూలన పడేసి ఉంచితే చాలు. చిన్న ఈగలు గూటి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి పోవు కనుక, దూరాన ఒక పెద్ద తోట కన్నా ప్రతి చేను గట్టునా చిన్న పట్టీ ఉండటం మేలు.

ఏడాది పొడుగునా ఏదో ఒకటి పూస్తూ ఉండాలి. చలికాలం చివర మామిడి, జీడిమామిడి. వేసవిలో వేప, కానుగ. తొలకరికి ముందు విత్తిన నువ్వు వానాకాలం మొదట్లో. వానలయ్యాక తుమ్మి, రేగు, కంది. కొబ్బరి అన్ని నెలల్లోనూ ఆదుకుంటుంది. కరివేపాకు, నిమ్మ, జిల్లేడు సీతాకోకచిలుకల గొంగళిపురుగులకు మేత. బంతి వేస్తే నాటు రేకబంతి నయం; ముద్దబంతిలో రేకులు కిక్కిరిసి ఈగకు దారి దొరకదు. లాంటానాపై సీతాకోకచిలుకలు మూగుతాయి, నిజమే, కానీ అది గట్టుతో ఆగదు.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి విస్తరిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో గట్లపై కంది, ఆముదం, బంతి వేయిస్తారు. అక్కడి ప్రధాన ఉద్దేశం పురుగుల నివారణ. పూల మేలు వెంట వచ్చేది. జిల్లా దాటి అరకు లోయకెళ్తే గిరిజనుల వలిసె చేలు పసుపుపచ్చగా పూసి తేనెటీగలను పోషిస్తాయి. ఐరోపాలో పొలం అంచున పూలపట్టీ వేసే రైతుకు ప్రభుత్వాలు డబ్బిస్తాయి. అక్కడి విత్తన మిశ్రమాలు తెచ్చి ఈ ఎర్రనేలలో చల్లడం మాత్రం దండగ.

తేనెటీగలు ఇల్లు చేరాక, సాయంత్రం మందు కొట్టమని సాధారణంగా చెబుతారు. గుమ్మడికి ఆ సలహా సరిపోతుంది. దాని పువ్వు తెల్లవారగానే విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. బీర పూసేది సాయంత్రం, ఆనప పొద్దుగూకే వేళ, పొట్ల రాత్రి. ఈ పాదుల్లో సాయంత్రం మందు కొడితే, పూలమీదికి అప్పుడే వచ్చే రెక్కల పురుగులపైనే అది పడుతుంది.