మంచుకొండకు ముందుచూపు



తెలుగువారిలో మంచుకొండ విహారానికి తొలుదొల్త బయలుదేరినవాడెవరని అడిగితే అల్లసాని పెద్దనామాత్యుని ప్రవరుడే జ్ఞప్తికి వస్తాడు. మనుచరిత్ర పదహారవ శతాబ్ది కావ్యం. సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు పూసుకొని హిమాలయానికి పోయాడు గాని, ఎండకు కరిగిన మంచునీట ఆ పసరు కరిగిపోగలదన్న ఊహ అతనికి లేకపోయింది. పోయే ఉపాయమే గాని వచ్చే ఉపాయం ఆలోచించలేదు. తుదకు అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరవలసి వచ్చింది.

ఇందుకు భిన్నమైన యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే 18న చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. డేరాలు, బోయీలు, పరివారం సమస్తం సమకూర్చుకొన్నాడు. మజిలీ మజిలీకి దూరమెంత, నీటి వసతి ఎట్టిది, ఏ వస్తువు దొరుకును అన్నది వ్రాసిపెట్టాడు. తిరుగు దారిలో జగన్నాథం మీదుగా మన కళింగ తీరం వెంబడే వచ్చాడు. ప్రయాణ సన్నాహమన్న విషయంలో తెలుగున మనకు అంతకు మించిన ఒజ్జ లేడు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. చలికాలంలో చలికొండకు విహారానికి పోవడం మన సంప్రదాయంలో ఉన్నదా? నాకు తెలిసినంతలో లేదు. దొరలు ఉదకమండలం పోయినది ఎండలకు తాళలేక. మన పెద్దలు బదరీనాథం పోయినది వేసవిలో, మోక్షాపేక్షతో. శీతకాలంలో బదరీనాథుని ఆలయమే మూసివేస్తారు. ఆ ఆరునెలలూ స్వామి పూజలు క్రిందనున్న జోషీమఠంలోని నరసింహస్వామి కోవెలలో జరుగుతాయి. అంటే చలికి దేవుడే కొండ దిగి వచ్చే వేళకు మనం కొండ ఎక్కుతున్నామన్న మాట!

ఈ వేడుక ఐరోపాలో పుట్టింది. పాదాలకు సన్నని పొడవాటి పలకలు బిగించుకొని మంచువాలు మీద జారే స్కీయింగ్‌ను వినోదయాత్రగా మలచినవారిలో హెన్రీ లన్ ఒకడు. ఇతడు 1887లో మతప్రచారకునిగా, వైద్యునిగా భారతదేశానికి వచ్చి, మరుసటి ఏడే తిరిగిపోయాడు. పిమ్మట యాత్రల వ్యాపారం ప్రారంభించి, ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో స్విట్జర్లాండు గ్రామాలకు ఆంగ్లేయులను చలికాలంలో తరలించాడు. అతని కుమారుడు ఆర్నాల్డ్ లన్ 1888లో మద్రాసులో జన్మించాడు. నాటికి మన విశాఖపట్టణం జిల్లా కూడా ఆ మద్రాసు రాజధానిలోనిదే. మంచువాలుపై పాతిన జెండాల నడుమ మెలికలు తిరుగుతూ జారే స్లాలమ్ పందెపు ఆధునిక రూపాన్ని 1922లో మ్యూరెన్‌లో ప్రవేశపెట్టినవాడు ఈ ఆర్నాల్డే. మంచు ఎరుగని చెన్నపురిలో పుట్టినవాడు మంచు పందేనికి సూత్రకారుడు కావడం వింత గదా!

మన దేశంలో గుల్మార్గ్‌లో 1927లోనే బ్రిటిషువారు స్కీ క్లబ్బు నెలకొల్పారు. అక్కడి గండోలా రోప్‌వే తొలి దశ 1998లో, రెండవ దశ 2005లో నడక మొదలుపెట్టాయి. రెండవది జోషీమఠం పైనున్న ఔలీ. 2025 జూన్ 6న కాట్రా-శ్రీనగర్ రైలు మొదలైనందున కాశ్మీరు ప్రయాణం కొంత సుగమమైంది.

మా అచ్యుతాపురం, అనకాపల్లి ప్రాంతాలవారికి మంచు అంటే లంబసింగి. అక్కడ చలి నిజమే, తెల్లవారుజామున కమ్ముకొనేదీ నిజమే. కాని అది పొగమంచు. ఆంగ్లేయులు ఫాగ్, డ్యూ, ఫ్రాస్ట్, స్నో అని వేరు చేసినవాటిని మనం ఒక్క ‘మంచు’ మాటతో సరిపెట్టుకొంటాం. మాట ఒకటే గదా అని లంబసింగికి చాలిన శాలువతో గుల్మార్గ్ పోతే ఇక్కట్లు తప్పవు.

కనుక పోదలచినవారు జనవరి, ఫిబ్రవరి మాసాలు ఎంచుకోవాలి. నూలుబట్టలు తడిసి చలిని పెంచుతాయి కనుక లోపల ఉన్ని, పైన నీరు దిగని అంగీ ఉండాలి. మూడువేల మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరంలోని దానిలో సుమారు 70 శాతమే. తీరవాసులు, ముఖ్యంగా నా ఈడువారు, చేరిన దినమే పైకి ఎగబ్రాకక ఒకనాడు విశ్రమించాలి. హిమపాతానికి దారులు మూసుకుపోవడం అక్కడ పరిపాటి గనుక తిరుగు ప్రయాణానికి రెండు రోజులు అదనంగా ఉంచుకోవాలి.

ఇంకొక్క మాట. 2023 జనవరిలో జోషీమఠంలో నేల క్రుంగి వందలాది కట్టడాలు బీటలువారాయి. కుటుంబాలు కట్టుబట్టలతో ఇళ్ళు విడిచాయి. ఔలీ రోప్‌వేను నిలిపివేశారు. కనుక అటు పోదలచినవారు అప్పటి స్థితిగతులు విచారించుకొనే బయలుదేరాలి. మనం నాలుగు నాళ్ళు చూచి వచ్చే ఆ మంచులోనే అక్కడివారు ఏటేటా బ్రతుకుతారు. లంబసింగిలో నెగళ్ళ చుట్టూ ముడుచుకొని తెల్లవార్చే గిరిజనులకైనా అంతే, మన వినోదం వారికి నిత్యజీవనం. తిరిగి వచ్చే దారి చూచుకోవడం ముందుచూపులో సగం. మనం వచ్చేసిన తరువాత కొండ మీద ఏమి మిగులుతుందో ఆలోచించడం తక్కిన సగం.

స్వస్తి.