సెలంగోర్ తోటల్లో గడ్డి మేసిన పాడి

మలయా రబ్బరు తోటల్లో కూలి కుటుంబాలు ఆవులు, మేకలు పెంచుకునేవి. కౌలా సెలంగోర్ జిల్లా తోటలూ ఇందుకు భిన్నం కాదు. రబ్బరు గీత పని తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నానికల్లా ముగుస్తుంది. ఎండ ముదిరితే చెట్టు కారడం తగ్గుతుంది మరి. మిగిలిన పూట గడ్డి కోతకు, పశువుల కాపుకు దక్కేది. చెట్ల వరుసల మధ్య నేల కోసుకుపోకుండా తోటల యజమానులు ప్యూరేరియా, సెంట్రోసీమా వంటి పప్పుజాతి తీగలు వేయించేవారు. పశువులు వాటిని ఇష్టంగా తింటాయి. యజమానికీ కూలికీ మధ్య తగవుకు అదొక మూలం.

ఈ కూలీల్లో తమిళులదే పెద్ద సంఖ్య. వారి వెంట విశాఖ, గోదావరి ప్రాంతాల తెలుగువారూ మలయా చేరారు. 1938 జూన్‌లో భారత ప్రభుత్వం కూలీల వలసను నిషేధించేదాకా మద్రాసు దగ్గరి ఆవడి, దక్షిణాన నాగపట్నం శిబిరాల మీదుగా ఈ ప్రయాణాలు సాగాయి. కుటుంబమున్న కూలికి కూరగాయలకో మేతకో ఎకరంలో పదహారో వంతు, అంటే ఆరుంపావు సెంట్లు, కేటాయించాలని మలయా కార్మిక చట్టం చెప్పేది. అంత జాగాలో ఆవు బతకదు. బతికించింది చెట్ల కింది గడ్డే. భారతదేశం నుంచి ఓడల్లో వచ్చిన పశువుల సంతతిని మలేషియా పశుశాస్త్రజ్ఞులు నేటికీ ‘లోకల్ ఇండియన్ డెయిరీ’ అనే రకంగా గుర్తిస్తారు. పాల దిగుబడి తక్కువైనా, ఆ వేడిని, ఆ చిత్తడిని తట్టుకునే పశువు అది.

ఈ పాల విలువ తెలియాలంటే కూలి కంచం చూడాలి. అన్నం, కాస్త పప్పు, ఎండుచేప. అప్పట్లో మలయాలో బెరిబెరి వేలమందిని బలిగొంది. మరపట్టిన తెల్లబియ్యం తినే చైనా కార్మికులకే అది ఎక్కువగా సోకుతోందని, ఉప్పుడు బియ్యం తినే భారతీయులు చాలావరకు తప్పించుకుంటున్నారని డాక్టర్ బ్రాడన్ 1907లో పుస్తకమే రాశాడు. చెడిన బియ్యంలో విషం ఉందన్నది ఆయన ఊహ. నిజానికి అక్కడ జరుగుతున్నది తవుడుతో పాటు బి1 విటమిన్ పోవడం. నెగరీ సెంబిలాన్‌లో రోడ్డు పని కూలీల మీద డాక్టర్లు ఫ్రేజర్, స్టాంటన్ చేసిన ప్రయోగాలు ఆ దారి చూపాయి. ఉప్పుడు బియ్యం బెరిబెరిని ఆపింది గానీ ఎ విటమిన్‌ను, బి12ను, కాల్షియాన్ని ఇవ్వలేదు. అర లీటరు ఆవుపాలలో సుమారు 16 గ్రాముల మాంసకృత్తులు, 600 మిల్లీగ్రాముల కాల్షియం, ఒక రోజు అవసరంలో చాలా భాగానికి సరిపడే బి12 ఉంటాయి. మాంసం పండగకో పబ్బానికో మాత్రమే వండుకునే ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు.

ఆవు లేని ఇంటికి దొరికింది డబ్బా పాలు. తీపి కలిపిన చిక్కటి పాలు చవక, నిలవ ఉంటాయి. వెన్న తీసిన రకంలో ఎ, డి విటమిన్లు ఉండవు, చక్కెర మాత్రం దండిగా ఉంటుంది. వాటిని పసిపిల్లలకు పట్టించడం హత్యతో సమానమని డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1939లో సింగపూర్ రోటరీ క్లబ్ ప్రసంగంలో తెగేసి చెప్పింది. ఆ డబ్బా పాలు మలేషియా టీ కొట్లలో ఇప్పటికీ గ్లాసు అడుగున కూర్చునే ఉన్నాయి.

ఇక గడ్డి సంగతి. పచ్చిమేత తిన్న ఆవు వెన్న పసుపుగా ఉండటానికి కారణం గడ్డిలోని బీటా కెరోటిన్. గేదె ఆ కెరోటిన్‌ను దాదాపు పూర్తిగా ఎ విటమిన్‌గా మార్చేస్తుంది కాబట్టి గేదె నెయ్యి తెల్లగా ఉంటుంది. తెలుపు చూసి విటమిన్ లేదనుకోవడం పొరపాటు. పచ్చిక మేసిన పశువు పాలలో, మాంసంలో ఒమేగా-3 కొవ్వులు, సీఎల్‌ఏ అనే కొవ్వు ఆమ్లం, ఇ విటమిన్ ఎక్కువ. గొడ్డుమాంసంపై వచ్చిన పరిశోధనలను సమీక్షించిన 2010 నాటి ఒక వ్యాసం ప్రకారం ఒమేగా-6, ఒమేగా-3ల నిష్పత్తి ధాన్యం మేపిన పశువులో సగటున 7.65, గడ్డి మేసినదానిలో 1.53. ఈ అంకెలు చూసి మురిసిపోయేవారు మొత్తం ఎంతో కూడా చూడాలి. వంద గ్రాముల అలాంటి మాంసంలో ఒమేగా-3 మిల్లీగ్రాముల లెక్కే. అదే సముద్రతీరంలో దొరికే కవళ్లు, కానగుర్తల్లో అంతకు ఎన్నో రెట్లు. గొడ్డుమాంసం ముట్టని హిందూ కుటుంబాలు ఈ విషయంలో కోల్పోయింది పెద్దగా ఏమీ లేదు. పచ్చిపాలే ఆరోగ్యమన్న వాదన అసలే నిలవదు. క్షయ, బ్రూసెల్లోసిస్ పాల ద్వారా సోకుతాయి, గడ్డి మేసినంత మాత్రాన ఆవుకు వాటినుంచి రక్షణ లేదు. పాలు కాచి తోడుపెట్టే అలవాటు ఈ ప్రమాదాన్ని తప్పించింది.

తోటల్లో ఆ గడ్డి తరగడానికి కారణం కూడా కౌలా సెలంగోర్‌లోనే పుట్టింది. 1917లో ఫ్రెంచివాడు హెన్రీ ఫోకొనియే ఇక్కడి తెన్నమరం తోటలో మలయాలోనే మొదటిసారిగా వాణిజ్య స్థాయిలో ఆయిల్ పామ్ నాటించాడు. తర్వాత నవలాకారుడై 1930లో గోంకూర్ సాహిత్య బహుమతి పొందినవాడూ ఇతడే. 1960ల నుంచి రబ్బరు తోటలు వరసగా పామ్ తోటలయ్యాయి. లేత మొక్కలను కొరికి తొక్కేస్తాయని యాజమాన్యాలు పశువులను బయటికి తోలించాయి. చెట్లు ఎదిగి మట్టలు కమ్ముకున్నాక వెలుతురు తగ్గి గడ్డే పలచబడింది. కలుపు మందుల ఖర్చు తగ్గుతుందని తర్వాతి కాలంలో ముదురు తోటల్లోకి పశువులను మళ్లీ రానిచ్చారు గానీ, అది ఎక్కువగా మాంసం కోసం పెంచే మందల వ్యవహారం. కూలీల లైను ఇళ్ల ముందు పాడి తిరిగి రాలేదు.

పామ్ గింజ నుంచి నూనె తీయగా మిగిలే పిండి ఇప్పుడు మలేషియా పశువులకు ముఖ్యమైన దాణా. అందులో రాగి లోహం ఎక్కువ కాబట్టి గొర్రెలకు అతిగా పెడితే విషమవుతుంది. దేశానికి కావలసిన పాలపొడి ప్రధానంగా న్యూజిలాండ్ వంటి దేశాల నుంచి వస్తుంది, అక్కడి ఆవులు పచ్చిక బయళ్లలో మేస్తాయి. గడ్డి చాలని నెలల్లో వాటికి పెట్టే దాణాలో మలేషియా, ఇండోనేషియాల పామ్ గింజల పిండి ఉంది. ఈ పిండిని ఆవుకు రోజుకు 3 కిలోలు మించనీయవద్దని న్యూజిలాండ్ పాల సహకార సంస్థ ఫాంటెర్రా 2015లో రైతులకు సూచించింది.