ప్రాచీన ఈజిప్టు దేవతలు

నైలు నది లోయలో సుమారు క్రీ.పూ. 3000 నుంచి క్రీ.శ. 6వ శతాబ్దం వరకు పూజలందుకున్న దేవతలు. వీరి సంఖ్య వందల్లో ఉన్నా అందరినీ ఒకే కాలంలో, ఒకే చోట కొలవలేదు. పొదిలి చుట్టుపక్కల పల్లెల్లో పోలేరమ్మ, అంకమ్మ ఊరూరా వెలసినట్టే అక్కడా మొదట ఏ ఊరి దేవత ఆ ఊరిదే. మెంఫిస్‌లో ప్తా, థీబ్స్‌లో ఆమున్, బుబాస్టిస్‌లో పిల్లి రూపపు బస్తెత్, ఫయ్యూంలో మొసలి దేవుడు సోబెక్. ఏ ఊరి రాజులు దేశాన్ని ఏలితే ఆ ఊరి దేవుడు పెద్ద దేవుడయ్యాడు. ఈజిప్టు దేవతల చరిత్ర చాలావరకు రాజకీయ చరిత్రే.

5వ రాజవంశం వారు సూర్యదేవుడు రాకు ఆలయాలు కట్టించి తాము ఆయన కుమారులమని చాటుకున్నారు. తర్వాత థీబ్స్ రాజుల చేతికి అధికారం రావడంతో ఆమున్‌ను రాతో కలిపి ఆమున్-రాను చేశారు. కర్నాక్ ఆలయానికి మాన్యాలు, బంగారం పోగుపడ్డాయి. పూజారుల పలుకుబడీ పెరిగింది. అఖెనాతెన్ అనే ఫారో, అంటే ఈజిప్టు రాజు (సుమారు క్రీ.పూ. 1353-1336) దీన్ని తలకిందులు చేయబోయాడు. సూర్యబింబమైన ఆతెన్ ఒక్కడే దేవుడన్నాడు, గోడల మీద ఆమున్ పేరు చెరిపించాడు, అమర్నాలో కొత్త రాజధాని కట్టాడు. దీన్ని ప్రపంచపు తొలి ఏకేశ్వరవాదమని పొగిడేవారున్నారు. అయితే అమర్నా ఇళ్ల తవ్వకాల్లోనే బాలింతలను, పసిపిల్లలను కాచే మరుగుజ్జు దేవుడు బెస్ తాయెత్తులు దొరికాయి. రాజాజ్ఞ ఇంటి గడప దాటలేదన్నమాట. అఖెనాతెన్ పోయాక బాలరాజు తుతంఖాతెన్ తన పేరును తుతంఖామున్‌గా మార్చుకున్నాడు. ఆమున్ మళ్లీ గద్దెనెక్కాడు.

జనం మనసుల్లో నిలిచింది మాత్రం పరలోకాధిపతి ఒసిరిస్ కథ. తమ్ముడు సేత్ అతణ్ణి చంపి ముక్కలు చేస్తే, భార్య ఐసిస్ ఆ ముక్కలు ఏరి కూర్చి బతికించుకుంది. వారి కొడుకు డేగ దేవుడు హోరస్. బతికున్న ఫారో హోరస్, పోయిన ఫారో ఒసిరిస్. కాలక్రమంలో చనిపోయాక ఒసిరిస్ అయ్యే ఈ భాగ్యం సామాన్యులకూ దక్కింది. శ్మశానాల్లో తిరిగే నక్క రూపంలోని అనుబిస్ శవాన్ని కాచేవాడు. పరలోకంలో మనిషి గుండెను సత్యదేవత మాఆత్ ఈకతో తూచేవారు, లేఖకుడు థోత్ ఫలితం రాసేవాడు. గుండె ఈకకన్నా బరువు తూగితే అమ్మిత్ అనే మృగం దాన్ని మింగేసేది. చచ్చినవారి లెక్కలు రాసుకునే చిత్రగుప్తుణ్ణి ఎరిగిన తెలుగువారికి ఈ కొలువు కొత్తగా అనిపించదు.

ఈజిప్టును ఏలిన గ్రీకు వంశమైన టోలెమీల కాలంలో ఐసిస్ గ్రీకులకు, రోమన్లకు కూడా దేవత అయింది, నావికులకు రక్షకురాలైంది. ఎర్ర సముద్రపు రేవు బెరెనికెలో ఆమె ఆలయం ఉంది. 2022లో అక్కడ ఒక బుద్ధ విగ్రహం బయటపడింది. క్రీ.శ. 2వ శతాబ్దపు శాతవాహన నాణేలు రెండు కూడా అక్కడే దొరికాయి. అమరావతి స్తూపం వెలిగిన, గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో బౌద్ధులు ప్రార్థించిన కాలమది. ఈ నేలను ఏలినవారి నాణెం ఐసిస్ గుడి దాకా వెళ్లింది. మన చరిత్ర పుస్తకాలు ఇంతకన్నా గట్టిగా చెప్పుకోవాల్సిన సంగతి ఇది.

క్రీ.శ. 391లో రోమన్ చక్రవర్తి థియొడోసియస్ పాత పూజలను నిషేధించాడు. ఫిలే దీవిలోని ఐసిస్ ఆలయం ఇంకా కొంతకాలం నిలిచింది. చిట్టచివరి చిత్రలిపి శాసనం 394 ఆగస్టు 24న అక్కడే చెక్కారు. 6వ శతాబ్దంలో జస్టీనియన్ దాన్ని మూయించాడు. ఆ లిపిని మళ్లీ చదవగలిగింది 1822లో, ఫ్రెంచి పండితుడు షాంపోలియన్. ఆస్వాన్ ఆనకట్టల నీటిలో మునిగిన ఫిలే ఆలయాన్ని 1970లలో రాయి రాయిగా విప్పి పక్క దీవిలో నిలిపారు. నాగార్జునకొండ కట్టడాలను సాగర్ నీళ్ల నుంచి తప్పించింది అంతకు కొన్నేళ్ల ముందే.

తెలుగునాట ఈ మతానికి దగ్గరి సాక్ష్యం హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో ఉన్న టోలెమీల కాలపు మమ్మీ. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దాన్ని 1920 ప్రాంతంలో వెయ్యి పౌండ్లకు కొని తెచ్చి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇవ్వగా, ఆయన మ్యూజియానికి అందజేశాడు.